మంచం పక్కన అమ్మ



ఈసారి వడియాల గురించి మాట్లాడదామనుకున్నాను. ఇంతలో ఒక శ్రోత ఉత్తరం చేతికొచ్చింది. పేరు చెప్పవద్దన్నారు, చెప్పను. ఆవిడ బిడ్డ నెల దాటి ఆసుపత్రిలో ఉన్నాడట. "చూడవచ్చిన వాళ్లందరూ దీంట్లోనూ ఏదో మంచి ఉంటుంది, ధైర్యంగా ఉండు అంటున్నారు. ఆసుపత్రిలో మంచి ఎక్కడ దొరుకుతుందండీ? మీకు తెలిస్తే చెప్పండి" అని రాశారు. ఆ ఉత్తరం చదివాక వడియాల మీదికి మనసు పోలేదు. ఎందుకంటే 2014లో నేనూ మా అబ్బాయి మంచం పక్కన 73 రోజులు కూర్చున్నాను. నాకు తెలిసినంత మటుకు చెబుతాను.

మాది పొందూరు. అప్పుడు మా వాడికి ఆరేళ్లు. ఆ వేసవి నుంచే వాడు పాలిపోతూ వచ్చాడు. కాళ్లు నొప్పులని ఏడ్చేవాడు. ఆటల్లో దెబ్బ తగిలిందనుకుని నూనె రాసేదాన్ని. మా దగ్గర్లో ఒక డాక్టరుగారు రక్తం తక్కువని టానిక్కు రాసిచ్చారు. మూడు వారాలు తాగించాను. జ్వరం వస్తూ పోతూ ఉంది. ఒకనాడు స్నానం చేయిస్తుంటే ముంజేతుల మీద, మోకాళ్ల కింద నీలపు మచ్చలు కనిపించాయి. ఎక్కడా పడలేదన్నాడు. శ్రీకాకుళంలో రక్తపరీక్ష చేయిస్తే, ఆ కాగితం చూసిన వారు ఏ సంగతీ చెప్పకుండా "ఈ రోజే విశాఖపట్నం తీసుకెళ్లండి" అన్నారు. ఆ మాటకే మాకు సగం అర్థమైంది.

వాడి జబ్బు పేరు లుకేమియా, మనం బ్లడ్ కేన్సరంటాం. వాడికి వచ్చిన రకం పిల్లల కేన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేదట. పిల్లల విభాగం డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి మనకు తెలిసిన మాటల్లో చెప్పారు. "ఎముకల్లోని మూలుగ వరిమడి లాంటిదమ్మా. రక్తంలోని కణాలన్నీ అక్కడే పుడతాయి. దాంట్లో ఒక జాతి కలుపు పుట్టింది. అది మడంతా కమ్మేసి పైరును ఎదగనివ్వడం లేదు. ఎర్రకణాలు తగ్గాయి గనక పాలిపోయాడు. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తగ్గాయి గనక మచ్చలు. మంచి తెల్లకణాలు తగ్గాయి గనక జ్వరాలు" అన్నారు. నేను అడిగిన మొదటి ప్రశ్న, "నేను పెట్టిన తిండి వల్లనా?" అని. కాదన్నారు. దిష్టి కాదు, తిండి కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదీ కాదు. ఈ మాట మీరు బాగా గుర్తుంచుకోండి. మా వీధిలో కొందరు మా అమ్మాయితో తమ పిల్లల్ని ఆడనివ్వలేదు. వాళ్లకు తెలియదు, అంతే.

మరి ఇన్నాళ్లు ఎందుకు ఉండాలి? కలుపు మందు కొడితే పైరు కూడా వాడుతుంది కదూ. మొదటి నెల, ఐదు వారాల మందులకు చెడు కణాలతో పాటు మంచివీ పడిపోతాయి. ఆ రోజుల్లో మనకు తుమ్ముతో పోయే జలుబు కూడా బిడ్డకు ప్రాణం మీదికి రావచ్చు. మా వాడికి మధ్యలో రెండుసార్లు జ్వరం తిరగబెట్టింది, అందుకే 73 రోజులయ్యాయి. అంతటితో ఇంటికి పంపినా వైద్యం అయిపోయినట్టు కాదు. మొత్తం రెండున్నరేళ్ల నుంచి మూడేళ్లు పడుతుంది. ఈ మాట విన్నప్పుడు మా వారు గోడకు ఆనుకుని నిలబడిపోయారు. చిన్న బట్టల కొట్టు మీద బతికేవాళ్లం. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకం, తర్వాత పేర్లు మారుతూ వచ్చినా, తెల్లకార్డు కుటుంబాలకు ఇలాంటి వైద్యానికి ఆసరాగా ఉంది. మందుల ఖర్చు దాంట్లో చాలా మటుకు గడిచింది. రైలు చార్జీలు, బయట తిండి, కొట్టు మూసిన రోజుల నష్టం మాత్రం మావే.

సరే, ఇక మంచి సంగతికి వస్తాను. మొదటి వారంలో ఒక బంధువు వచ్చి, పళ్లు మంచం మీద పెట్టి, "అంతా మన మంచికేనమ్మా" అని వెళ్లారు. ఆవిడ వెళ్లాక ఆ పళ్ల సంచి తీసి కిటికీలోంచి విసిరేద్దామనిపించింది. ఆరేళ్ల బిడ్డకు వెన్నులో సూది పొడిచేది ఎవరి మంచికి? ఈ రోజుకీ నేను ఆ మాటకు ఒప్పుకోను. బిడ్డ జబ్బు మంచిది కాదు. జబ్బు జబ్బే. ఆ జబ్బు చుట్టూ మాత్రం కొన్ని మేళ్లు ఉంటాయి. వాటిని చూడడం నాకు నేర్పింది మా పక్క మంచం ఆవిడ.

ఆవిడ పాలకొండ అవతలి పల్లె మనిషి, కూలిపని చేసుకుంటుంది. కూతురికి ఇదే జబ్బు. మాకంటే ఇరవై రోజుల ముందు వచ్చారు. నేను గోడవైపు తిరిగి ఏడుస్తుంటే, "ఏటమ్మా అలా ఏడుత్తావు? గుంటడు సూత్తన్నాడు. ఇయ్యాల ఏటి తిన్నాడో అది సెప్పు ముందు" అంది. రెండు ఇడ్లీలు తిన్నాడన్నాను. "నిన్న?" అంది. నిన్న ఏమీ తినలేదు. "మరి అదేటి, తక్కువా?" అంది. అంతే ఆవిడ చెప్పిన వేదాంతం.

నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. ఏ గంటకు ఎంత జ్వరం, ఏ మందు, రక్తపరీక్షలో లెక్క ఎంత అని ఎడమ పేజీలో రాసుకునేదాన్ని. ఇది ప్రతి తల్లీ రాసుకోవాలి. డ్యూటీలు మారినప్పుడు కొత్తగా వచ్చిన డాక్టరు ఏదడిగినా మనం తడుముకోనక్కరలేదు. ఆ మర్నాటి నుంచి కుడి పేజీలో కూడా రాయడం మొదలెట్టాను. "రెండు ఇడ్లీలు. సిస్టరు ఒక్క పోటుకే నరం పట్టుకుంది. మధ్యాహ్నం నవ్వాడు." కొన్ని రోజులు కుడి పేజీలో రాయడానికి ఏమీ ఉండేది కాదు. ఖాళీగా వదిలేశాను. అబద్ధం రాయలేదు.

ఒకసారి ఆ పేజీలో మందుల గురించి రాశాను. వెన్నులోకి ఎక్కించే మందు పేరు మెథోట్రెక్సేట్. చిన్న డాక్టరొకాయన, "ఈ మందు మనవాడిదేనమ్మా, తెలుగువాడిది" అన్నాడు. ఆ కథ విని నాకు ఆ సూది మీద కోపం కొంత తగ్గింది. ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు వదిలేసి కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని బయల్దేరితే ఇంటివాళ్లు వెనక్కి తీసుకొచ్చారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని పాసవలేదు. నేను చదివింది మెట్రిక్కే గనక ఈ ముక్క నాకు మహా ఇష్టం సుమా. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌను తొడుక్కుని ఆపరేషన్ల దగ్గరికి వెళ్లేవారట. తెల్లదొర ప్రొఫెసరుకు అది నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. ఇవ్వకుండా ఎల్.ఎం.ఎస్. తో సరిపెట్టారు. ఖద్దరు ఊళ్లో పుట్టి పెరిగిన నాకు ఈ సంగతి అంతకుముందు ఎవరూ చెప్పనే లేదు!

ఆయన 1922లో అమెరికా వెళ్లారు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు, ఆ బాధ ఆయన్ని వదల్లేదు. లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. తర్వాత దానికి విరుగుడుగా పనిచేసే మందుల్ని చేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా పిల్లలకిచ్చి, 1948లో ఫలితం ప్రకటించారు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అంతకు ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు వారాలు, నెలలు మాత్రమే బతికేవారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. మా వాడికిచ్చిన మెథోట్రెక్సేట్ ఆ కుదురులోదే. మన జిల్లాల్లో బోదకాలుకు పంచే మాత్ర కూడా ఆయన పరిశోధనశాలలో పుట్టిందే. ఈనాడు మంచి వైద్యం పూర్తిగా అందిన చోట్ల ఈ రకం జబ్బు వచ్చిన పిల్లలు పదిమందిలో ఎనిమిది మందికి పైగా బతుకుతున్నారు.

రెండో మందు విన్‌క్రిస్టిన్. అది బిళ్ళగన్నేరు మొక్కలోంచి తీసింది. మన పెరట్లో నీళ్లు పోయకపోయినా పూసే బిళ్ళగన్నేరే! ఇలా చెప్పాను కదా అని ఆకులు నూరి పిల్లల చేత తాగించబోయేరు. ఆ మొక్క విషం. వేల కొద్దీ ఆకుల్లోంచి రవ్వంత మందు తీసి, శుభ్రపరచి, బిడ్డ ఒళ్లు కొలిచి ఇస్తేనే అది మందు. మా వార్డులో ఒకరు కషాయం కాచుకొస్తే సిస్టరు లాక్కుని పారబోసింది. అలాగే మెథోట్రెక్సేట్ మాత్ర తర్వాత ఇంటి దగ్గర వేయాల్సి వస్తుంది, అది వారానికొకసారే. రోజూ వేస్తే ప్రాణాపాయం. నేను కాలెండర్లో ప్రతి బుధవారానికి ఎర్ర సున్నా చుట్టేదాన్ని.

ఇంకొక మేలు నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, దాన్ని నేను కష్టాల్లో లెక్కేసుకున్నాను గనక. రాత్రిళ్లు మంచం కింద చాప మీద పడుకోవడం, దోమలు, ఒకే ఒక్క పాసు, స్నానానికి వరస. "తల్లులకు ఒక మంచమైనా ఇవ్వరేం?" అని విసుక్కునేదాన్ని. ఇవ్వాల్సిందే, ఆ మాట ఇప్పుడూ అంటాను. కాని ఒకప్పుడు ఇంగ్లండు లాంటి దేశంలో తల్లిని వార్డులోకే రానిచ్చేవారు కాదట. వారానికి ఒకటి రెండుసార్లు, గంటో రెండు గంటలో చూసి పోవాలి. తల్లి వస్తే బిడ్డ ఏడుస్తాడు, రాకపోతే బుద్ధిగా ఉంటాడు అనేవారు. జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన, ఆసుపత్రిలో చేరిన రెండేళ్ల పాపను రోజురోజూ ఫిల్ము తీసి 1952లో చూపించాడు. పాప బుద్ధిగా ఉండడం కాదు, ఆశ వదిలేసుకుందని ఆ ఫిల్ము చూసినవాళ్లకు అర్థమైంది. 1959లో ప్లాట్ కమిటీ, తల్లిదండ్రుల్ని ఎప్పుడైనా రానివ్వాలని, చిన్నపిల్లల దగ్గర తల్లిని ఉండనివ్వాలని చెప్పింది. అది అన్నిచోట్లా అమలు కావడానికి ఇంకా ఏళ్లు పట్టింది. మన ఆసుపత్రుల్లో నర్సులు చాలక కావచ్చు, అలవాటు వల్ల కావచ్చు, తల్లిని బిడ్డ దగ్గర ఉంచుతారు. అర్ధరాత్రి వాడు చెయ్యి కిందికి జారవిడిస్తే నా తల తగిలేది. తగిలితే మళ్లీ పడుకునేవాడు.

ఇక హుద్‌హుద్ తుపాను. 2014 అక్టోబరు 12, ఆదివారం. మాకు 35వ రోజు, మా వాడి కణాల లెక్క అడుగంటి ఉంది. మా వారు ముందురోజే పొందూరు వెళ్లారు. పొద్దుటి నుంచి గాలి. అది గాలి చప్పుడులా లేదు, గూడ్సు బండి ఇంటి మీదుగా పోతున్నట్టుంది. కిటికీ అద్దాలు పగిలితే మంచాలన్నీ వరండా వైపు లాగాం. మధ్యలో కాసేపు గాలి ఆగింది, అయిపోయిందనుకున్నాం. మళ్లీ ఎదురువైపు నుంచి కొట్టింది. సాయంత్రానికి బయట ఒక్క చెట్టు నిలబడి లేదు. ఫోన్లు లేవు, రైళ్లు లేవు. కరెంటు లేదు, జనరేటరు ముఖ్యమైన వాటికే. మూడు రోజులు మా వారు బతికున్నారో లేదో నాకు తెలియదు, మేమున్నామో లేదో ఆయనకు తెలియదు.

మర్నాడు మా వాడికి ముక్కులోంచి రక్తం మొదలైంది, ఆగలేదు. ప్లేట్‌లెట్లు కావాలి. అవి నిలవుండవు. ఎర్రకణాల్ని చల్లటి పెట్టెలో నెల పైన దాస్తారు గాని, ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి పనికిరావు. అందుకే ఎప్పటికప్పుడు ఎవరో ఒకరు రక్తం ఇస్తూనే ఉండాలి. ఇస్తామన్న వాళ్లు ఊరవతల, దారి నిండా చెట్లు. పాలకొండావిడ తమ్ముడు, ఇంకా గేటు దగ్గర కాపలా ఉండే కుర్రాడు, ఇద్దరూ పడిపోయిన కొమ్మల మీద నుంచి దూకుకుంటూ రక్తనిధికి వెళ్లారు. ఆ రాత్రి పదకొండింటికి పసుపుపచ్చని సంచి ఒకటి వచ్చి మా వాడి స్టాండుకు వేలాడింది. ఆ కాపలా కుర్రాడు తర్వాత ఎన్నిసార్లు కనిపించినా "బాగున్నాడామ్మా?" అని తప్ప ఒక్క ముక్క అదనంగా మాట్లాడలేదు. కుడి పేజీలో ఆ రోజు రాసింది రెండే మాటలు. "సంచి వచ్చింది."

ఆ వారం పాలు, నీళ్లు దొరకడం గగనమైంది. వార్డులో తల్లులం పదకొండు మందిమి ఒకటే ఖాతాగా బతికాం. ఒకరికి బిస్కట్లుంటే ఒకరికి గ్లూకోజు పొడి. స్టెరాయిడ్ మాత్రల వల్ల ఈ పిల్లలకు ఆకలి పిచ్చిగా వేస్తుంది. అర్ధరాత్రి లేచి "పులిహోర" అని ఏడుస్తారు. తుపాను రోజుల్లో పులిహోర ఎక్కడి నుంచి తెస్తాం? ఒకావిడ పులిహోర ఎలా చేయాలో పిల్లలందరికీ కథలాగా చెప్పడం మొదలెట్టింది. పోపు వేసేసరికి సగం మంది నిద్రపోయేవారు. దీపావళి అక్టోబరు 23న వచ్చింది. ఆక్సిజను ఉండే చోట దీపం వెలిగించకూడదు. మందుల అట్టపెట్టెలు కత్తిరించి ప్రమిదలు చేసి మంచాల కమ్మీలకు అంటించారు.

ఇవన్నీ వింటే ఆసుపత్రంటే పండగలా ఉందేమో అనుకునేరు. 11వ నంబరు మంచం బాబు సంగతి చెప్పకపోతే నేను అబద్ధం చెప్పినట్టే. వాడికి నెల రోజుల్లోనే చాలా నయమైంది. చెడు కణాలు కనిపించడం లేదని చెప్పగానే ఇంటివాళ్లు తీసుకెళ్లిపోయారు. కోతల రోజులు, ఇంటి దగ్గర ముసలివాళ్లు, ఇంకో ఇద్దరు పిల్లలు, చేతిలో డబ్బు లేదు. వాళ్లను తప్పుపట్టే నోరు నాకు లేదు. కనిపించకపోవడమంటే లేకపోవడం కాదు. నాలుగు నెలల తర్వాత మేం పరీక్షకు వెళ్లినప్పుడు వాళ్లూ వచ్చారు, జబ్బు తిరగబెట్టింది. వాడు దక్కలేదు. ఆ పూట మా వాడి రిపోర్టు బాగుందని చెప్పారు. సంతోషించడానికి కూడా సిగ్గేసింది.

అప్పుడు నాకు ఒకటి తెలిసింది. ఈ వైద్యంలో సగంలో ఆగిపోవడం పెద్ద ప్రమాదం. ఆగిపోయేది డబ్బు లేక మాత్రమే కాదు, మనిషి అలిసిపోయి కూడా. ఆ కుడి పేజీ నన్ను అలిసిపోనివ్వలేదు. నేనూ రెండుసార్లు సంచి సర్దుకున్నాను. ఒకసారి పాలకొండావిడ, ఒకసారి సిస్టరు ఆపారు. 11వ మంచం తల్లి దగ్గర ఎవరైనా కూర్చుని, "కోతలు మేం చూసుకుంటాం, నువ్వుండు" అనుంటే ఏమయ్యేదో. కాబట్టి చూడడానికి వెళ్లే వాళ్లకు నేను చెప్పేది ఇది. పళ్లు వద్దు. ఈ పిల్లలకు డాక్టరునడగకుండా బయటి తిండి, పచ్చివి పెట్టకూడదు, పూలు కూడా వద్దంటారు. జలుబుంటే అసలు వెళ్లకండి. ఆ తల్లి ఇంట్లో ఉన్న మిగతా పిల్లలకు అన్నం పెట్టండి. పద్దెనిమిదేళ్లు నిండి, 45 కిలోల బరువుండి, ఆరోగ్యంగా ఉంటే రక్తం ఇవ్వండి. మగవాళ్లు మూడు నెలలకొకసారి, మనం నాలుగు నెలలకొకసారి ఇవ్వవచ్చు. నీరసం వస్తుందని భయపెట్టేవాళ్ల మాట నమ్మకండి. నేను ఇప్పటికి తొమ్మిదిసార్లు ఇచ్చాను, అట్ల పెనం ఇంకా నేనే ఎత్తుతున్నాను.

మిగతా పిల్లలంటే మా అమ్మాయి గుర్తొచ్చింది. అప్పుడు దానికి పదేళ్లు. అత్తగారి దగ్గర వదిలేసి వచ్చాను. ఫోనులో "అన్నీ బాగున్నాయమ్మా" అనేది. బుద్ధిమంతురాలని మురిసిపోయాను. ఇంగ్లండు డాక్టర్లు చేసిన పొరపాటే నేనూ చేశానన్నమాట. ఇంటికొచ్చాక పదిహేను రోజులు అది నా పక్కన పడుకోలేదు. ఒకరోజు జడ వేస్తుంటే, "నాకూ జబ్బొస్తే నువ్వు నా దగ్గరుంటావా?" అని అడిగింది. ఇప్పుడు డిగ్రీ అయిపోయింది దానికి. ఆ ప్రశ్న నా నోటుపుస్తకంలో ఏ పేజీలోనూ లేదు, అయినా మరిచిపోలేదు. ఉత్తరం రాసిన సోదరీ, మీకు ఇంకో బిడ్డ ఉంటే రోజూ ఒక ఐదు నిమిషాలు దానితోనే మాట్లాడండి. తమ్ముడి సంగతి ఎత్తకుండా.

మా అత్తగారు ఆసుపత్రికి రాలేకపోయారు, మోకాళ్ల నొప్పులు. వయసులో నూలు వడికిన మనిషి. మా ఊళ్లో సన్న ఖద్దరుకు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు, మీరు వినే ఉంటారు. కూర్చుని, ఒక్కొక్క గింజా చూసుకుంటూ చేసే పని అది. వాడి జుట్టు ఊడిపోయిందని తెలిసి తన పాత పొందూరు చీర ఒకటి, ఉతికి ఉతికి మీగడలా అయిపోయినది, నాలుగు ముక్కలు చేసి, అంచులు కుట్టి, మరగబెట్టి ఆరేసి పంపించారు. గుండు తలకు ఆసుపత్రి దిండు గరుకుగా ఉండేది. ఆ గుడ్డ పరిచాక వాడు చెంప ఆనించి, "ఇది మామ్మ వాసన" అన్నాడు. నేను వాసన చూస్తే డెట్టాలు తప్ప ఏమీ తగల్లేదు.

నవంబరులో పాసింజరు బండిలో ఇంటికొచ్చాం. దారి పొడవునా కొబ్బరి చెట్లు తలలు లేకుండా నిలబడి ఉన్నాయి. పొందూరు స్టేషనులో దిగేసరికి మా అమ్మాయి, మా వారు నిలబడి ఉన్నారు. మాత్రలు 2017 దాకా నడిచాయి. ఇప్పుడు వాడు ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం. పాలకొండ పాప కూడా బాగుంది. ఏటా సంక్రాంతికి వాళ్లమ్మ ఫోను చేసి, మొదట అడిగే మాట ఇప్పటికీ అదే. "గుంటడు ఇయ్యాల ఏటి తిన్నాడు?"